యూరిన్ పైపుతో నెలల తరబడి: ఫోలీ సంరక్షణ, సొంతంగా క్యాథెటర్ వేసుకునే పద్ధతి

డిశ్చార్జి చీటీ చేతికిచ్చి "పైపు అలాగే ఉంచండి, మూడు వారాలకు రండి" అని పంపేస్తారు. ఇంటికి చేరిన రాత్రి నుంచే ప్రశ్నలు మొదలవుతాయి. స్నానం చేయించవచ్చా? పైపు పక్కనుంచి కారుతోందేమిటి? మూత్రం మడ్డిగా ఉంది, మందు వేయాలా? బస్సులో తీసుకెళ్లొచ్చా?

ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి వరుసగా రాస్తున్నాను. ప్రోస్టేట్ పెరిగి మూత్రం బిగిసిపోయిన పెద్దాయన, పక్షవాతంతో మంచాన ఉన్న అమ్మ, షుగరు వల్ల మూత్రాశయం పట్టు తప్పినవాళ్లు, యాక్సిడెంటులో వెన్నుపాము దెబ్బతిన్న కుర్రాళ్లు, వీళ్లందరినీ చూసుకునే ఇంటివాళ్లు. ఇది వాళ్ల కోసం.

ఒక్క షరతు. ఫోలీ, అంటే లోపలే ఉండిపోయే యూరిన్ పైపు, వేయడం, మార్చడం చదివి చేసే పని కాదు. సొంతంగా వేసుకునే క్యాథెటర్ కూడా మొదట నర్సు ఎదుట వేసి చూపించి నేర్చుకోవాల్సిందే. అక్కడ నేర్చుకున్నది ఇంట్లో తప్పు లేకుండా కొనసాగించడానికే ఈ వివరాలు.

1. ముందు తేల్చుకోవాల్సింది: ఏ పైపు, ఎందుకు, ఎన్నాళ్లు

మూత్రం రాకపోవడం వేరు, ఆగకపోవడం వేరు. చాలా ఇళ్లలో ఈ తేడా దగ్గరే పొరపాటు జరుగుతుంది.

మూత్రాశయం ఖాళీ కానివాళ్లకు లోపలికి వెళ్లే పైపే కావాలి. మగవాళ్లకు పైన తొడిగే కండోమ్ క్యాథెటర్ కారిపోయే మూత్రాన్ని పట్టడానికే పనికొస్తుంది, లోపల నిలిచిపోయినదాన్ని బయటికి తీయదు. ఫోలీ ఇబ్బందిగా ఉందని సొంతంగా దాన్ని తీయించి కండోమ్ క్యాథెటర్ పెట్టిస్తే, మూత్రాశయం నిండి, ఒత్తిడి కిడ్నీల మీద పడుతుంది.

లోపలికి వెళ్లేవి మూడు రకాలు.

ఫోలీ: మూత్రనాళం గుండా వెళ్లి, కొసన ఉన్న చిన్న బెలూను ఆధారంగా లోపలే ఉండిపోతుంది.

సుప్రాప్యూబిక్: పొత్తికడుపు మీద చిన్న రంధ్రం చేసి నేరుగా మూత్రాశయంలోకి వేస్తారు.

వేసి తీసేది: నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నని గొట్టం వేసి, మూత్రం తీసేసి, గొట్టం బయటికి తీసేయడం. ఆస్పత్రుల్లో దీన్ని సీఐసీ అంటారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చేతులు పనిచేస్తూ, కూర్చోగలిగే మనిషికి శాశ్వతంగా ఫోలీ పెట్టే ముందు సీఐసీ గురించి డాక్టరును గట్టిగా అడగండి. లోపల ఎప్పుడూ గొట్టం ఉండదు కాబట్టి ఇన్ఫెక్షన్ల బెడద తగ్గుతుంది, బ్యాగు మోసుకు తిరగక్కర్లేదు, దాంపత్య జీవితానికీ అడ్డు ఉండదు. మన దగ్గర దీన్ని నేర్పడానికి ఒక గంట కేటాయించే తీరిక చాలా ఓపీల్లో ఉండదు. అడగనివాళ్లకు ఫోలీయే మిగులుతుంది.

డిశ్చార్జికి ముందు కాగితం మీద రాయించుకోవాల్సినవి:

- పైపు వేసిన కారణం
- వేసిన తేదీ, మార్చాల్సిన తేదీ
- పైపు సైజు, లేటెక్సా సిలికానా
- బెలూనులో ఎన్ని మి.లీ. నీళ్లు ఉన్నాయి
- తీసి చూసే ప్రయత్నం ఎప్పుడు చేస్తారు
- రాత్రిపూట ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి

బెలూను లెక్క ఎందుకంటే, తీసే రోజు ఎన్ని మి.లీ. ఎక్కించారో అన్నీ వెనక్కి వచ్చాయా అని చూడాలి. పెద్దవాళ్లకు మామూలుగా 10 మి.లీ. ఉంటుంది. ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవాళ్లకు 30 మి.లీ. బెలూను కూడా వేస్తారు.

2. ఇంట్లో ఉండాల్సిన సామాను

- రెండు లీటర్ల యూరిన్ బ్యాగులు, కనీసం రెండు అదనంగా
- తిరిగేవాళ్లకు కాలికి కట్టుకునే చిన్న బ్యాగు
- పైపును తొడకు పట్టించే పట్టీ లేదా చర్మానికి పడే మెత్తని టేపు
- చూసుకునేవాళ్లకు గ్లౌజులు
- మామూలు ఒంటి సబ్బు, మెత్తని గుడ్డలు
- మూత్రం కొలవడానికి గీతలున్న మగ్గు, దానికి మాత్రమే వాడేది
- నోటు పుస్తకం, పెన్ను
- డాక్టరు రాసిన సైజులోనే ఒక ఫోలీ, సీల్ విప్పనిది

ఆ చివరిది ఎందుకంటే, రాత్రి పదకొండింటికి పైపు మూసుకుపోయి దగ్గర్లోని ఆస్పత్రికి పరుగెత్తితే, సైజు దొరక్క మెడికల్ షాపుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

సైజును ఎఫ్‌ఆర్ (ఫ్రెంచ్) అనే కొలతలో చెప్తారు. మూడు ఎఫ్‌ఆర్‌లు ఒక మిల్లీమీటరు మందం. పైపు వెనక కొసన రంగు చూసి కూడా గుర్తుపట్టొచ్చు: 12 తెలుపు, 14 ఆకుపచ్చ, 16 నారింజ, 18 ఎరుపు. పెద్దవాళ్లలో ఎక్కువమందికి 12 నుంచి 16 సరిపోతుంది. లావు పైపు మేలనుకోవద్దు. అది మూత్రనాళాన్ని ఒరుసుకుని పుండు చేస్తుంది.

లేటెక్స్ పైపు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి సిలికాన్‌ది 12 వారాల దాకా ఉంచుతారు. ప్యాకెట్ మీద గడువు రాసి ఉంటుంది, దాన్ని దాటకూడదు. నెలల తరబడి వాడాల్సినవాళ్లకు ధర ఎక్కువైనా సిలికానే నయం. పుట్టుకతో వెన్నుపూస లోపం ఉన్న పిల్లలకు లేటెక్స్ పడకపోవడం ఎక్కువ కాబట్టి వాళ్లకు లేటెక్స్ లేనివే కొనాలి.

3. ఫోలీ ఉన్నవాళ్లకు రోజూ ఉదయం చేయాల్సింది

క్రమం ముఖ్యం. శుభ్రమైన చోటు నుంచి మొదలుపెట్టి మురికిగా ఉన్న చోటికి రావాలి.

మొదట చేతులు సబ్బుతో కడిగి, ఆరనిచ్చి, గ్లౌజులు వేసుకోండి. పైపు మెలికపడిందా, ఒంటి కింద నలిగిందా చూడండి.

తర్వాత పైపు లోపలికి వెళ్లే చోటును సబ్బు నీళ్లతో కడగండి. ఆడవాళ్లకు ముందు నుంచి వెనక్కే తుడవాలి, ఒకసారి తుడిచిన గుడ్డ కొసతో మళ్లీ తుడవకూడదు. మగవాళ్లకు ముందు చర్మం వెనక్కి లాగి, కడిగి, తుడిచి, మళ్లీ ముందుకు లాగాలి. ఈ చివరి పని మర్చిపోతే చర్మం బిగుసుకుని అంగం వాచిపోతుంది. అలా జరిగిందంటే అది ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాల్సిన సంగతి.

ఆ తర్వాత పైపును తుడవండి. ఒంటి దగ్గర వేలితో కదలకుండా పట్టుకుని, అక్కణ్నుంచి బయటివైపు ఒక జానెడు తుడవాలి. బ్యాగు వైపు నుంచి ఒంటివైపు తుడిస్తే బయటి మురికిని లోపలికి తోసినట్టే.

చివరగా పట్టీ. నిన్న కుడి తొడకు కట్టి ఉంటే ఇవాళ ఎడమ తొడకు. పైపు కాస్త వదులుగా, కాలు చాపినా లాగకుండా ఉండాలి. ఎప్పుడూ తొడ మీదుగా పోవాలి, తొడ కింద నుంచి కాదు. మంచాన ఉన్నవాళ్లకు పైపు మీద పడుకున్న చోటే పుండు పడుతుంది. డైపర్ వేస్తే దాని అంచు పైపును నొక్కకుండా చూడండి.

రోజూ బీటాడిన్ పూయడం, డెట్టాల్ నీళ్లతో కడగడం అక్కర్లేదు. ఇన్ఫెక్షన్లు తగ్గవు సరికదా చర్మం మండిపోతుంది. పౌడరు వద్దు. కొబ్బరినూనె, వ్యాజిలిన్ కూడా వద్దు, నూనె తగిలితే లేటెక్స్ పాడైపోతుంది. పసుపు సంగతి చెప్పనక్కర్లేదనుకుంటాను.

స్నానం మామూలుగా చేయించవచ్చు. మగ్గుతో పోసినా, షవర్ కింద కూర్చోబెట్టినా ఫరవాలేదు, బ్యాగు తగిలించే ఉంచాలి. చెరువు, కాలువ, పుష్కర స్నానాలు మాత్రం పైపు ఉన్నన్నాళ్లు మానుకోవడం మంచిది.

4. బ్యాగు: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

ఎత్తు. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి. అలాగని నేలకు తగలకూడదు. మంచం పక్క కమ్మీకి హుక్కు పెట్టి తగిలించండి. నులకమంచం మీద పడుకునేవాళ్లయితే మంచం కోడుకు తాడు కట్టి గానీ, శుభ్రమైన ప్లాస్టిక్ టబ్బులో పెట్టి గానీ ఉంచండి. చాప మీద పడుకుంటే బ్యాగును కిందికి దించే వీలు ఉండదు. తక్కువ ఎత్తు మంచమైనా ఏర్పాటు చేయాల్సిందే.

మనిషిని మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మార్చేటప్పుడు బ్యాగును పొట్ట మీద పెట్టడం అందరికీ అలవాటు. బ్యాగులో పాతబడ్డ మూత్రం ఆ క్షణంలో వెనక్కి పోతుంది. మార్చే ముందు బ్యాగు ఖాళీ చేయండి. తప్పనిసరై ఎత్తాల్సి వస్తే పైపును ఒక్క క్షణం మడిచి పట్టుకుని, దించగానే వదిలేయండి.

ఆటోలో, బస్సులో ఇంకో రకం. ఎవరికీ కనపడకూడదని బ్యాగును చేతిసంచిలో పెట్టి ఒళ్లో పెట్టుకుంటారు. సంచి సరే, దాన్ని కాళ్ల దగ్గర పెట్టుకోండి. దూర ప్రయాణాలకు కాలి బ్యాగు కొనుక్కుంటే లుంగీ, చీర, నైటీ దేని కిందైనా దాగిపోతుంది. బిగుతు ప్యాంట్లు వద్దు.

ఖాళీ చేయడం. మూడింట రెండు వంతులు నిండేలోపే చేయాలి. నిండిన బ్యాగు బరువుకు పైపు కిందికి లాగుతుంది, లోపల బెలూను మూత్రాశయం మెడను నొక్కుతుంది. వరుస ఇది:

- చేతులు కడిగి గ్లౌజులు
- మగ్గు కింద పెట్టి కొళాయి తిప్పడం, కొళాయి కొస మగ్గుకు తగలకుండా
- పూర్తిగా కారాక కొళాయి మూసి, కొసను తుడవడం
- కొలత, రంగు, టైము పుస్తకంలో రాయడం
- మగ్గు కడిగి బోర్లించడం, చేతులు కడగడం

మార్చడం. సాధారణంగా వారానికోసారి. పగిలినా, కారినా, పైపు మార్చినా వెంటనే. ఫోలీని బ్యాగు గొట్టం నుంచి విడదీసేది ఆ ఒక్క సందర్భంలోనే. మధ్యలో ఆ అతుకు ఊడదీయకండి. కొందరు రోజూ బ్యాగు ఊడదీసి, నీళ్లతో కడిగి, ఎండలో ఆరేసి మళ్లీ పెడతారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, కానీ అతుకు తెరిచిన ప్రతిసారీ క్రిములకు దారి దొరుకుతుంది. కాలి బ్యాగు పెట్టుకున్నవాళ్లు రాత్రికి పెద్ద బ్యాగును కాలి బ్యాగు అడుగు కొళాయికి తగిలించి, కొళాయి తెరిచి ఉంచుకోవచ్చు. అప్పుడు ఫోలీ అతుకు ముట్టుకునే పనే ఉండదు.

మార్చేటప్పుడు కొత్త బ్యాగు గొట్టం మూత చివరి నిమిషంలో తీయండి. రెండు కొసల్లో దేన్నీ వేళ్లతో ముట్టుకోవద్దు.

5. పైపు మార్చే రోజు మీరు గమనించాల్సినవి

చాలా ఊళ్లలో ఇంటికొచ్చి మార్చేవాళ్లు ఉన్నారు. శిక్షణ ఉన్న నర్సు అయితే ఫరవాలేదు. చేసేది వాళ్లే అయినా చూసేది మీరు.

- కొత్త ప్యాకెట్ మీ కళ్ల ముందు విప్పాలి. గడువు తేదీ చూడండి.
- పాత బెలూనులో నీళ్లన్నీ సిరంజితో తీశాకే పైపు లాగాలి.
- కొత్త పైపుకు జెల్లీ ధారాళంగా వాడాలి. మగవాళ్లకు నొప్పి తెలియకుండా చేసే లిగ్నోకెయిన్ జెల్లీ నాళంలోకి ఎక్కించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. ఈ ఆగడం ఎవరూ చేయరు, నొప్పంతా అక్కడే.
- మగవాళ్లకు పైపును దాని వెనక కొస రెండుగా చీలే చోటు దాకా లోపలికి పంపి, మూత్రం వచ్చాకే బెలూను నింపాలి.
- నింపేది స్టెరైల్ నీళ్లతో. సెలైన్ అయితే ఉప్పు పేరుకుని, తీసే రోజు బెలూను మొండికేయవచ్చు.
- ముందు చర్మం తిరిగి ముందుకు లాగారా?

నాలుగో అంశం దగ్గర కళ్లు తిప్పకండి. మూత్రం రాకముందే బెలూను నింపితే అది మూత్రనాళంలో ఉబ్బి చీలుస్తుంది. నింపుతుండగా మనిషి నొప్పితో అరిస్తే వెంటనే ఆపమనండి.

ఒకసారి అడ్డుపడి రక్తం వచ్చిందంటే రెండో ప్రయత్నం ఇంట్లో వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు, ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవాళ్లకు, మూత్రనాళం సన్నబడిందని ఇంతకు ముందే తేలినవాళ్లకు ఆస్పత్రిలోనే మార్పించండి. సుప్రాప్యూబిక్ మొదటి మార్పు కూడా అంతే.

6. సొంతంగా క్యాథెటర్ వేసుకోవడం

దీనికి వాడేది బెలూను లేని మామూలు గొట్టం, పెద్దవాళ్లకు 12 లేదా 14 సైజు. మెడికల్ షాపులో నెలాటన్ అని అడగండి. ఆడవాళ్లకు పొట్టి గొట్టం దొరికితే సులువు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి:

- గొట్టం, జెల్లీ, తడి గుడ్డ
- మగ్గు లేదా టాయిలెట్ సీటు
- ఆడవాళ్లకు మొదట్లో చిన్న అద్దం
- మంచి వెలుతురు

మగవాళ్లు: చేతులు కడిగి, ముందు చర్మం వెనక్కి లాగి కొసను కడగండి. గొట్టం మొదటి జానెడుకు జెల్లీ రాయండి. అంగాన్ని పొట్టవైపు పైకెత్తి పట్టుకుంటే లోపలి వంపు సరళమవుతుంది. నెమ్మదిగా లోపలికి పంపండి. 15 సెంటీమీటర్లు దాటాక కాస్త అడ్డు తగలడం మామూలే. అక్కడ మూత్రాన్ని ఆపే కండరం, ప్రోస్టేట్ ఉంటాయి. గట్టిగా తోయకండి. ఆగి, ఊపిరి నిండుగా పీల్చి వదులుతూ, లేదా చిన్నగా దగ్గుతూ, అదే ఒత్తిడితో నిలకడగా పంపితే కండరం వదులవుతుంది. 20 సెంటీమీటర్ల దరిదాపుల్లో మూత్రం వస్తుంది. వచ్చాక ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు పంపి, అంగాన్ని కిందికి దించండి.

ఆడవాళ్లు: కమోడ్ మీద కాళ్లు ఎడంగా కూర్చుని గానీ, ఒక కాలు ఎత్తు పీట మీద పెట్టి నిలబడి గానీ చేయొచ్చు. ముందు నుంచి వెనక్కి కడగండి. ఒక చేతి వేళ్లతో మడతలు విడదీస్తే, యోని ద్వారానికి కాస్త పైన మూత్రద్వారం కనిపిస్తుంది. ఐదారు సెంటీమీటర్లు వెళ్లేసరికి మూత్రం వస్తుంది, ఇంకో రెండు సెంటీమీటర్లు చాలు. పొరపాటున యోనిలోకి వెళ్తే ఆ గొట్టాన్ని అక్కడే ఉంచి, కొత్తది దానికి పైన ఉన్న ద్వారంలో వేయండి. అప్పుడు రెండోసారి గురి తప్పదు. కొన్నాళ్లకు అద్దం లేకుండా వేలి ఆనవాలుతోనే కుదురుతుంది.

ఇద్దరికీ: ధార ఆగగానే గొట్టం లాగేయకండి. మెల్లగా కొంచెం బయటికి తీస్తే మళ్లీ ధార మొదలవుతుంది, ఆగండి, మళ్లీ కొంచెం తీయండి. అడుగున మిగిలే ఆ కాస్త మూత్రమే తర్వాత ఇన్ఫెక్షన్‌కు కారణం.

ఎన్నిసార్లు? రోజుకు నాలుగు నుంచి ఆరు. ఒక్కోసారి వచ్చేది 400 నుంచి 500 మి.లీ. దాటకూడదు. దాటుతుంటే విరామం తగ్గించండి. మొదటి రెండు వారాలు టైము, తాగింది, వచ్చింది పుస్తకంలో రాస్తే మీ శరీరం లెక్క మీకే తెలిసిపోతుంది. ఉద్యోగానికి, పెళ్లికి వెళ్లాలని రెండు విరామాలు దాటవేయడం ఈ పద్ధతిలో అన్నిటికంటే చెడ్డ అలవాటు. చేతులు కడిగే చోటు బాగోలేదన్న కారణంతో మానేయడం కంటే శానిటైజర్ రాసుకునైనా సమయానికి చేయడం మేలు.

గొట్టాన్ని మళ్లీ వాడొచ్చా? ప్యాకెట్ మీద ఒక్కసారికే అని ఉంటుంది, భరించగలిగితే అలాగే చేయండి. మన దగ్గర ఖర్చు వల్ల చాలామంది కడిగి వాడుతున్నారన్నది నిజం. అలా వాడేవాళ్లు వాడిన వెంటనే లోపలా బయటా సబ్బు నీళ్లతో, తర్వాత పారే మంచినీళ్లతో కడిగి, నీళ్లు విదిలించి, శుభ్రమైన గుడ్డ మీద గాలికి పూర్తిగా ఆరబెట్టి, మూతున్న పొడి డబ్బాలో పెట్టాలి. తడిగా మూత పెడితే కడిగిన ఫలితం పోతుంది. గొట్టం గరుకుగా, బిరుసుగా, మడ్డిగా అయిందంటే పారేయాలి. ఎన్నాళ్లు వాడొచ్చో మీ యూరాలజిస్టునే అడగండి. జెల్ పూత ముందే ఉన్న గొట్టాలను మాత్రం కడిగి వాడకూడదు. ఇంకొకరి గొట్టం ఎప్పటికీ వాడకూడదు.

7. నీళ్లు, తిండి, విరేచనం

గుండె, కిడ్నీ జబ్బులు లేనివాళ్లు రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు తాగాలి, మన వేసవిలో ఇంకాస్త. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే తాగేది సరిపోతున్నట్టు. డయాలసిస్, గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు డాక్టరు చెప్పిన కొలతే కొలత.

బార్లీ నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగొచ్చు. వాటితో పైపు శుభ్రపడిపోదు, తాగిన ద్రవంగానే లెక్క. కిడ్నీ జబ్బు ఉంటే కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువని గుర్తుంచుకోండి.

విరేచనం సంగతి చిన్నదిగా తీసుకోకండి. గట్టిపడ్డ మలం పక్కనే ఉన్న మూత్రాశయాన్ని, పైపును నొక్కుతుంది. పైపు పక్కనుంచి కారుతోందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు మూత్రానిది కాదు, మలబద్ధకానిది.

8. తరచూ వచ్చే ఇబ్బందులు, సరిచేసే వరుస

బ్యాగులోకి మూత్రం రావడం లేదు. ముందు పైపు మొత్తం వేళ్లతో తడుముతూ మెలికలు చూడండి. బ్యాగు కిందే ఉందా చూడండి. మనిషిని పక్కకు తిప్పండి. ఎంత తాగారో లెక్క వేయండి. పొత్తికడుపు ఉబ్బి నొప్పిగా ఉన్నా, రెండు మూడు గంటలు చుక్క రాకపోయినా పైపు మూసుకుపోయినట్టే, ఆస్పత్రికి వెళ్లండి. సిరంజితో కొళాయి నీళ్లు ఎక్కించి తోయకండి.

పదే పదే మూసుకుపోతోంది. కొందరి మూత్రంలో చేరే ప్రోటియస్ వంటి క్రిములు దాన్ని క్షారంగా మార్చి, పైపు కొసన సున్నంలా పేరుకునేలా చేస్తాయి. పుస్తకంలో తేదీలు చూడండి. 18వ రోజుకు మూసుకుపోవడం అలవాటైతే 14వ రోజే మార్పించండి. రాళ్లు ఉన్నాయేమో స్కాన్ చేయించమని అడగండి.

పక్కనుంచి కారుతోంది. బ్యాగులోకీ వస్తూ పక్కనుంచీ కారుతుంటే మూత్రాశయం పట్టేసి పైపు చుట్టూ తోస్తోందన్నమాట. మలబద్ధకం, పైపు లాగడం, ఇన్ఫెక్షన్ చూసుకోండి. లావు పైపు వేయించడం, బెలూనులో ఇంకాస్త నీళ్లు ఎక్కించడం దీనికి పరిష్కారం కాదు, పట్టేయడం ఎక్కువవుతుంది. తగ్గకపోతే డాక్టరు మాత్రలు ఇస్తారు. వాటిలో కొన్ని పెద్దవాళ్లకు మలబద్ధకం, మతిమరుపు తెస్తాయి కాబట్టి సొంతంగా కొనకండి.

బ్యాగు ఊదారంగుకు తిరిగింది. మొదటిసారి చూసినవాళ్లు హడలిపోతారు. మంచాన ఉండి, మలబద్ధకం ఉన్నవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, కొన్ని క్రిములు మూత్రంలోని పదార్థాన్ని నీలం, ఎరుపు రంగులుగా మార్చి బ్యాగుకు పట్టిస్తాయి. మనిషి మామూలుగా ఉంటే కంగారు లేదు. పైపు, బ్యాగు మార్పించి, మలబద్ధకం తగ్గించండి, డాక్టరుకు ఒక మాట చెప్పండి. టీబీ మాత్రలు వాడేవాళ్లకు మూత్రం ఎర్రటి నారింజ రంగులో రావడం ఆ మందు వల్లే.

రక్తం. మార్చిన రోజు, సీఐసీ మొదలుపెట్టిన కొత్తలో లేత గులాబీ రంగు రావచ్చు. గడ్డలుగా వచ్చినా, ఎర్రగా సాగుతున్నా వెంటనే చూపించాలి.

పైపు లాగేసుకున్నారు. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు బెలూనుతో సహా లాగేస్తారు. రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి. బయటపడ్డ పైపును కూడా పట్టుకెళ్లండి, బెలూను ముక్క లోపల ఉండిపోయిందేమో వాళ్లు చూడాలి. తర్వాత పైపును లుంగీ, పైజామా లోపలి నుంచి కనపడకుండా తీసుకెళ్తే చెయ్యి దాని మీదికి పోదు. చేతులు కట్టేయడం మాత్రం పరిష్కారం కాదు. సుప్రాప్యూబిక్ ఊడిపోతే ఇంకా తొందర, ఆ రంధ్రం గంటల్లోనే మూసుకుపోతుంది.

9. యాంటీబయాటిక్ ఎప్పుడు వేయాలి, ఎప్పుడు వద్దు

నెల రోజులు పైపు ఉన్న దాదాపు ప్రతి ఒక్కరి మూత్రంలోనూ క్రిములు ఉంటాయి. పరీక్ష చేయిస్తే చీముకణాలు, కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే పరీక్షలో) ఏదో ఒకటి తేలుతుంది. ఒట్టి మడ్డి, వాసన, రిపోర్టులో "పాజిటివ్" అన్న మాట, ఇవి మందు వేయడానికి కారణాలు కావు. అలా కోర్సు మీద కోర్సు వాడితే క్రిములు మొండివవుతాయి. నిజంగా జ్వరం వచ్చిన రోజు మాత్రలు పనిచేయక, ఐసీయూలో సూది మందులు ఎక్కించాల్సి వస్తుంది.

మందు కావాల్సింది ఇవి ఉన్నప్పుడు: చలితో జ్వరం, నడుము పక్కల నొప్పి, పొత్తికడుపులో కొత్తగా మొదలైన నొప్పి, పెద్దవాళ్లలో జ్వరంతో పాటు ఉన్నట్టుండి మాట తడబడటం, మగతగా పడిపోవడం. అప్పుడు కల్చర్‌కు మూత్రం బ్యాగులోంచి పట్టకూడదు. పైపు వేసి రెండు వారాలు దాటితే కొత్త పైపు వేయించి, దాని నుంచి పట్టిన మూత్రాన్ని ల్యాబుకు ఇవ్వాలి. బ్యాగు అడుగున నిలవున్న మూత్రంలో తేలేది బ్యాగు క్రిములే.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి:

- వణుకుతో జ్వరం, బీపీ పడిపోవడం, మగత
- పైపు మూసుకుపోయి పొట్ట ఉబ్బి భరించలేని నొప్పి
- ఆగని రక్తం, గడ్డలు
- ఛాతీ మట్టానికి లేదా అంతకు పైన వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు ఒక్కసారిగా తలపోటు, ముఖం ఎర్రబడటం, చెమటలు

ఆ చివరిది చూసుకునేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాలి. మూత్రాశయం నిండిపోతే వీళ్లకు బీపీ ప్రమాదకరంగా పెరిగిపోతుంది. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, పైపు మెలిక తీయండి. సీఐసీ చేసేవాళ్లయితే వెంటనే మూత్రం తీయండి.

10. రాసి పెట్టే పుస్తకం

ఒక్కో రోజుకు ఒక్క గీత చాలు: తాగింది, వచ్చింది, రంగు, విరేచనం అయిందా, జ్వరం ఉందా. పైపు, బ్యాగు మార్చిన తేదీలు ఎర్ర సిరాతో. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, అమ్మానాన్నలను అటెండెంటు చూసుకునే ఇళ్లలో రోజూ ఆ పేజీ ఫోటో వాట్సాప్‌లో పెట్టమనండి. "బాగానే ఉన్నారు" అనే మాట కంటే ఆ ఫోటో ఎక్కువ చెప్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పుస్తకం తీసుకెళ్లండి.

11. పైపు తీసి చూసే రోజు

ప్రోస్టేట్ మందులు మొదలుపెట్టాకో, ఆపరేషన్ తర్వాతో పైపు తీసి, సొంతంగా మూత్రం వస్తుందా అని చూస్తారు. దానికి ముందు "అలవాటు చేయడానికి" అంటూ ఇంట్లో పైపుకు క్లిప్పు పెట్టి కట్టేయకండి. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప దానివల్ల మేలు లేదు, మర్చిపోతే మాత్రం ప్రమాదం.

తీసేది ఉదయం పూట అయ్యేలా అడగండి. ఇబ్బంది వస్తే పగలే తెలుస్తుంది. ముందు రెండు రోజులు విరేచనం సాఫీగా అయ్యేలా చూసుకోండి. తీశాక మామూలుగానే తాగండి, గంటలో రెండు సీసాలు తాగేసి మూత్రాశయాన్ని ఉక్కిరిబిక్కిరి చేయకండి. మొదటి ఒకటి రెండుసార్లు మంట ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ కొలిచి రాయండి. తర్వాత స్కాన్‌లో లోపల ఎంత మిగిలిందో చూస్తారు.

ఆరు గంటల్లో రాకపోయినా, చుక్కలు చుక్కలుగా వస్తూ పొత్తికడుపు బిగుసుకుపోతున్నా రాత్రి దాకా ఎదురుచూడకుండా వెనక్కి వెళ్లండి. మళ్లీ పైపు వేసినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. కొన్ని వారాల తర్వాత ఇంకో ప్రయత్నం చేస్తారు. ఆలోపు సీఐసీ నేర్పమని అడగడానికి అదే సరైన రోజు.